మాస్కు వేసుకోమన్నారు సరే, ఎవులిస్తారు?

మా క్యాంపస్ ఒడిశాలో గంజాం జిల్లా బరంపురానికి దగ్గర్లోనే ఉంది, పేరు అనవసరం. చలికాలం చివర్లో దగ్గు, జ్వరాలు ఎక్కువయ్యాయని ఆఫీసు గుమ్మం పక్కన ఒక సర్క్యులర్ అంటించారు. పైన ఇంగ్లిష్, కింద ఒడియా. ఊడ్చేవాళ్లలో, తోటపనివాళ్లలో, మెస్సులో వంటవాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. 1936లో ఒడిశా విడి రాష్ట్రం అయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ ఇక్కడ మామూలే. మాట్లాడటం వచ్చినా ఒడియా అక్షరాలు చదవడం అందరికీ రాదు. అందుకని సర్క్యులర్ కింద పెన్నుతో నేనే ఒక ముక్క రాశాను: ‘సిబ్బంది అందరూ మాస్కు ధరించగలరు.’

మా అంతస్తు ఊడ్చే అప్ప చీపురు పక్కన పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. “ధరించగలం బాబూ, ఎందుకు ధరించలేం? ఇస్తే ఏసుకుంటాం. ఈ కాయితం మాక్కూడానేటి? మాక్కూడా అయితే మాస్కు ఎవులిస్తారు?”

నవ్వొచ్చింది కానీ, తప్పు నాదే. మన ఆఫీసు తెలుగులో ‘గమనించగలరు’, ‘ధరించగలరు’ అంటే వేడుకోలు అనుకుంటాం. మామూలు మనిషి చెవికి అది ‘చేతనవును’ అని వినిపిస్తుంది. ఆ ఒక్క మాటలో ఆజ్ఞ ఉందా, సలహా ఉందా, అనుమతి ఉందా అన్నది రాసినవాడికే తెలియదు. పైన ఉన్న ఇంగ్లిష్ కాపీలోనూ ఇదే గందరగోళం. ఒక పేరాలో ‘సలహా ఇస్తున్నాం’, ఇంకో పేరాలో ‘తప్పనిసరి’.

ఈ గందరగోళానికి మూలం కోవిడ్ ఏళ్లలో ఉంది. 2020 ఏప్రిల్ 9 నుంచి ఒడిశాలో ఇల్లు దాటితే ముక్కు, నోరు కప్పుకోవాల్సిందే అని ప్రభుత్వం ఆదేశించింది. మొదటి మూడుసార్లు దొరికితే 200 రూపాయలు, ఆ తర్వాత 500 జరిమానా. దాని వెనక అంటువ్యాధుల చట్టం ఉంది. సూరత్ నుంచి వలస కూలీలు తిరిగొచ్చాక ఆ వేసవిలో, వానాకాలంలో గంజాం జిల్లా ఎంత నలిగిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. విశ్వవిద్యాలయాలు మళ్లీ తెరవడానికి యూజీసీ 2020 నవంబర్ 5న మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు కూడా క్యాంపస్‌లో మాస్కు ఖాయం. 2022 మార్చిలో కేంద్ర హోంశాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చిన ఆంక్షలను ఆ నెలాఖరుతో ముగిస్తున్నామని రాష్ట్రాలకు రాసింది. మాస్కు, చేతుల శుభ్రత మాత్రం కొనసాగించమని సలహా చెప్పింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. ఆనాటి చట్టం పోయింది, ఆనాటి సర్క్యులర్ల భాష మాత్రం కంప్యూటర్లలో ఉండిపోయింది. పాత ఫైలు తెరిచి తేదీ మార్చి ప్రింటు తీస్తే ‘తప్పనిసరి’ అన్న మాట అలాగే వస్తుంది. మొన్నటి జ్వరాల సర్క్యులర్ నిజానికి సలహా మాత్రమే. నా ‘ధరించగలరు’ అనుకోకుండా చట్టపరంగా సరిపోయిందన్నమాట!

అసలు చిక్కు ‘మాస్కు’ అన్న మాటలోనే ఉంది. ఒకటే పేరుతో పిలిచే వస్తువులు కనీసం నాలుగు రకాలు: గుడ్డ మాస్కు, మూడు పొరల సర్జికల్ మాస్కు, ఎన్95 తరహాది, ముఖానికి తొడుక్కునే రబ్బరు తొడుగుకు గాలి వడకట్టే డబ్బాలు బిగించిన రెస్పిరేటర్. దేని పని దానిదే. సర్క్యులర్ రాసేవాళ్లు మాస్కు అన్నప్పుడు వాళ్ల మనసులో ఉన్నది సర్జికల్ మాస్కు. మా అప్పకు కావాల్సింది అది కాదు. ఆమె కష్టం దుమ్ముతో.

మాస్కుకు రెండు పనులున్నాయి. మన నోటి నుంచి వచ్చే తుంపర్లు ఎదుటివాడి మీద పడకుండా ఆపడం ఒకటి. ఎదుటి గాలిలో ఉన్నది మన లోపలికి రాకుండా ఆపడం రెండోది. మొదటి పనికి గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు బాగానే పనికొస్తాయి, ఎందుకంటే తుంపర నోటి నుంచి వచ్చిన క్షణంలో పెద్దగా, తడిగా ఉంటుంది. గాలిలో ఎండిపోయి సన్నబడ్డాక దాన్ని పట్టుకోవడం కష్టం. 2020 ఏప్రిల్ మొదటి వారంలో కేంద్ర ఆరోగ్యశాఖ ఇంట్లో కుట్టుకున్న ముఖం గుడ్డలు మామూలు జనం వాడుకోవచ్చని చెప్పింది, ఆరోగ్య సిబ్బందికి మాత్రం కాదంది. ఆ తేడా ఇందుకే. అదే ఏడాది జూన్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ గుడ్డ మాస్కుకు మూడు పొరలు ఉండాలని చెప్పింది. నోటికి తగిలేది తడి పీల్చే నూలు, బయటిది తడి అంటని పాలిస్టర్ లాంటిది, నడుమ నేయకుండా పోగులు అతికించి చేసిన పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పొర. అరవై దాటినవాళ్లకు, ముందే జబ్బులున్నవాళ్లకు గుడ్డది కాకుండా సర్జికల్ మాస్కు మేలని కూడా అదే పత్రంలో ఉంది. రిటైర్మెంటుకు దగ్గరపడిన క్లర్కుకు, ఇరవై రెండేళ్ల ప్రాజెక్టు అసిస్టెంటుకు ఒకే గుడ్డ ముక్క పంచిన ఆఫీసులు ఆ పేరా చదివినట్టు లేవు.

వాల్వు సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ముందు గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల ఉన్న ఎన్95లు 2020లో మా వైపు తెగ హోదాగా ఉండేవి. ఆ బిళ్ల పీల్చినప్పుడు మూసుకుంటుంది, వదిలినప్పుడు తెరుచుకుంటుంది. అంటే వేసుకున్నవాడికి రక్షణ, ఎదుటివాడికి లేదు. ఆ జులైలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ వాల్వు ఉన్నవి వైరస్ బయటికి పోకుండా ఆపవని రాష్ట్రాలకు రాసింది. కానీ దుమ్ము పనికి వాల్వు ఉన్నదే సుఖం, ఊపిరి తేలిగ్గా వదలొచ్చు, లోపల చెమట పట్టదు. జబ్బుకు పనికిరానిది దుమ్ముకు మంచిదవుతోంది, అందుకే పని చెప్పకుండా మాస్కు చెప్పడం అర్థం లేని పని.

ఇక చాలామందికి ఉన్న అనుమానం: వైరస్ అంత చిన్నది కదా, గుడ్డ సందుల్లోంచి దూరిపోదా? నాకూ ఉండేది. మాస్కును మనం జల్లెడ అనుకుంటాం, అందుకే ఈ అనుమానం. అది జల్లెడ కాదు. ఎటుపడితే అటు పరిచిన సన్నటి పోగుల అడవి, తగిలినదల్లా పనస జిగురుకు ఈగ అంటుకున్నట్టు అంటుకుంటుంది. పెద్ద కణాలు గాలితో పాటు మలుపు తిరగలేక పోగును గుద్దుకుంటాయి. మరీ చిన్నవి నిలకడ లేకుండా అటూ ఇటూ తూలుతూ ఎక్కడో ఒకచోట తగులుతాయి. మధ్యస్థంగా, సుమారు 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఉన్నవే తప్పించుకోవడంలో గడుసువి. అందుకే పరీక్ష ఆ సైజు దగ్గర పెడతారు. ఎన్95 అంటే ఆ కష్టమైన సైజులో కనీసం 95 శాతం ఆపాలని. అంతకన్నా చిన్నవాటిని ఇంకా బాగా ఆపుతుంది. వినగానే తలకిందులుగా అనిపిస్తుంది, కానీ పని చేసే తీరు అదే.

ఆ జిగురు నిజానికి విద్యుత్తు. నడుమ పొరలోని పోగులకు స్థిర విద్యుదావేశం ఎక్కిస్తారు. అమెరికాలోని టెన్నెసీ విశ్వవిద్యాలయంలో పీటర్ సాయ్ అనే శాస్త్రవేత్త 1990లలో ఆ పద్ధతిని మెరుగుపరిచాడు. విశ్వవిద్యాలయం ప్రపంచానికిచ్చిన మాస్కును విశ్వవిద్యాలయంలోనే సబ్బుతో ఉతికి తీగ మీద ఆరేస్తున్నాం. సబ్బు నీళ్లు, శానిటైజర్‌లోని ఆల్కహాల్ ఆ ఆవేశాన్ని పోగొడతాయి. చూడ్డానికి మాస్కు తెల్లగా, కొత్తగా కనిపిస్తుంది, లోపల పని మాత్రం సగం చచ్చిపోతుంది. ఉతకొచ్చు అని చెప్పేది గుడ్డ మాస్కు గురించి మాత్రమే. ఎన్95లు కొరతగా ఉన్న రోజుల్లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెప్పిన ఉపాయం వేరు: మనిషికి ఐదు ఇవ్వండి, రోజుకొకటి వాడి కాగితం సంచిలో పెట్టండి, మళ్లీ దాని వంతు వచ్చేసరికి కనీసం ఐదు రోజులు గడవాలి. కాగితం సంచే, పాలిథిన్ కాదు, లోపలి తడి ఆరాలి కదా.

పెట్టె మీది అక్షరాల గురించి కొంచెం. ఎన్95 అమెరికా ప్రమాణం, కేఎన్95 చైనాది, ఎఫ్ఎఫ్‌పీ2 యూరప్ పేరు. మన దేశంలో అదే తరహాకు ప్రమాణాలు పెట్టే సంస్థ బీఐఎస్ ఇచ్చిన నెంబరు ఐఎస్ 9473, సర్జికల్ మాస్కులకు ఐఎస్ 16289. స్టోర్సులో సరుకు దిగినప్పుడు చూడాల్సింది ఈ నెంబరు, ‘ఎన్95’ అని పెద్దగా అచ్చేసిన ముద్ర కాదు. అమెరికా ధ్రువీకరణ ఉన్న ఎన్95లకు సాధారణంగా తల చుట్టూ రెండు పట్టీలుంటాయి. చెవులకు తగిలించే దాని మీద అమెరికా ముద్ర కనిపిస్తే అనుమానించాలి. మూడు పొరలదని అమ్మే సర్జికల్ మాస్కు ఒకటి కత్తెరతో కోసి చూడండి, నడుమ మెత్తని తెల్లటి పొర వేరుగా కనిపించాలి. అక్కడ ఏమీ లేకపోతే అది టిష్యూ కాగితానికి అన్న. పెట్టెకు ఒకటి కోస్తే పోయేదేం లేదు, కానీ మా స్టోర్‌కీపర్ గారు ‘ఇష్యూ చేయకుండా ఎలా కోస్తావు, రిజిస్టర్లో ఏమని రాయను’ అని నన్ను ఒక పూట తిప్పారు.

ఎంత మంచి మాస్కయినా పక్కల నుంచి గాలి దూరితే వృథా. కళ్లజోడు మీద ఆవిరి పడుతోందంటే ముక్కు దగ్గర సందు ఉందని లెక్క, ఆ లోహపు పట్టీని రెండు చేతుల వేళ్లతో నొక్కాలి. గడ్డం ఉన్నవాళ్లకు ఎన్95 అంచు చర్మానికి అతుక్కోదు. ఇక మన సముద్రపు గాలి. మే నెలలో గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఆ ఉక్కలో గంటలో మాస్కు తడిసి ముఖానికి అంటుకుపోతుంది. తడిసింది మార్చాలని పుస్తకంలో ఉంటుంది, మార్చడానికి రెండోది చేతిలో ఉండదు.

క్యాంపస్‌లో ఏ పనికి ఏది కావాలో అన్నది మాత్రం ఏ సర్క్యులరూ చెప్పదు. లైబ్రరీలో, రికార్డు రూములో సమస్య బూజు. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తర్వాతి నెలలో తడిసి బూజు పట్టిన ఫైళ్లను నలుగురం ముక్కుకు చేతిరుమాళ్లు కట్టుకుని దులిపాం. రెండు వారాలు దగ్గాను. బూజు కణాలకు ఎన్95 గానీ ఎఫ్ఎఫ్‌పీ2 గానీ కావాలని తర్వాతెప్పుడో తెలిసింది. చేతిరుమాలు మనసుకు ధైర్యం, ఊపిరితిత్తులకు ఏమీ కాదు.

కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరు పరిస్థితి ఇంకా విచిత్రం. నైట్రిక్ యాసిడ్ పొగ, జువాలజీ సీసాల్లోని ఫార్మలిన్ ఘాటు, ఇవి కణాలు కావు, వాయువులు. సర్జికల్ మాస్కు కాదు కదా ఎన్95 కూడా వాటిని ఆపదు. వాటికి ఉండాల్సింది పొగను బయటికి లాగేసే గాజు తలుపుల అర, అంటే పనిచేసే ఫ్యూమ్ హుడ్, అది చాలకపోతే ఆ రసాయనానికి తగిన డబ్బా బిగించిన రెస్పిరేటర్. మూతికి నీలం మాస్కు ఉంది కదా అని ఫ్యూమ్ హుడ్ బయట సీసా మూత తీసే కుర్రాళ్లను చూస్తే నాకు టెన్షన్. అక్కడ మాస్కు లేకపోవడం కన్నా తప్పు మాస్కు ఉండటమే ప్రమాదం, భయం పోతుంది కాబట్టి.

దోమల మందు పొగ కొట్టేవాళ్ల సంగతి కూడా అంతే. ఆ మందును డీజిల్‌లోనో కిరోసిన్‌లోనో కలిపి కొడతారు. ఎన్95లో ఎన్ అన్న అక్షరానికి అర్థమే ‘నూనెకు తట్టుకోదు’ అని. నూనె తుంపరకు ఆర్, పీ అనే వేరే తరగతులున్నాయి, ఆవిరికి మళ్లీ డబ్బా కావాలి. వానాకాలంలో హాస్టళ్ల చుట్టూ ఆ యంత్రం భుజాన వేసుకు తిరిగే మనిషి మెడలో తువ్వాలు తప్ప నేను ఇంకోటి చూడలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ, పాఠం చెప్పే మేష్టారు, కౌంటరులో క్లర్కు, వీళ్లకు జ్వరాల కాలంలో సర్జికల్ మాస్కు చాలు. టీచర్లు మాస్కులోంచి గట్టిగా మాట్లాడి గొంతు పోగొట్టుకుంటారు, దానికి చవకైన మైకు ఒకటి మేలు. వినికిడి లోపం ఉన్న విద్యార్థి పెదాలు చూసి పాఠం అర్థం చేసుకుంటాడు, అలాంటి క్లాసులో కిటికీలు తెరిచి, కొంచెం దూరంగా నిలబడి, మాస్కు తీసి మాట్లాడటమే న్యాయం.

మాస్కులు అసలు పనిచేస్తాయా అన్న వాదన క్యాంటీన్లో ఇప్పటికీ సాగుతూనే ఉంటుంది. 2023లో, వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచి చెప్పే కాక్రేన్ సంస్థ సమీక్ష వచ్చాక ‘పనిచేయవని తేలిపోయింది’ అన్నారు. ఆ సంస్థ ప్రధాన సంపాదకురాలే ముందుకొచ్చి, ఫలితం తేల్చలేని స్థితిలో ఉందనే తప్ప పనిచేయవని కాదని వివరణ ఇచ్చారు. ఆ సమీక్ష తూచింది మాస్కు గుణాన్ని కాదు, మాస్కు వేసుకోమని చెప్పే కార్యక్రమాన్ని. రెండూ వేరు. చెప్పినంత మాత్రాన జనం వేసుకోరు కదా.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చినట్టు అనిపించింది మన పక్కన బంగ్లాదేశ్‌లో జరిగిన ప్రయోగం. 600 గ్రామాలు, సుమారు 3.4 లక్షల మంది పెద్దలు. సగం గ్రామాల్లో ఇంటింటికీ మాస్కులు ఉచితంగా పంచారు, ఎలా వేసుకోవాలో చెప్పారు, ఊరి పెద్దలూ ఇమాములూ ముందు తాము వేసుకున్నారు, బజార్లో మర్చిపోయినవాళ్లకు మనుషులే ఎదురుగా గుర్తు చేశారు. సరిగ్గా వేసుకునేవాళ్లు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. లక్షణాలతో కూడిన కోవిడ్ మొత్తం మీద దాదాపు 9 శాతం తగ్గింది, సర్జికల్ మాస్కులిచ్చిన ఊళ్లలో 11 శాతం, అక్కడే అరవై దాటినవాళ్లలో 35 శాతం. ఫోన్ మెసేజీలు, ఊరికి బహుమతులు అదనంగా కలిపితే ఏమీ పెరగలేదు. మన సర్క్యులరు ఆ మెసేజీ లాంటిదే.

మరి మాకు మాస్కు ఎలా చేరుతుంది? సర్క్యులర్ వచ్చాక డిపార్ట్‌మెంట్ హెడ్ ఇండెంట్, అంటే ఏ సరుకు ఎంత కావాలో పట్టీ, రాస్తారు. ఇండెంట్‌లో సిబ్బంది సంఖ్య అంటే రోల్ మీద, అంటే క్యాంపస్ సొంత సిబ్బంది జాబితాలో, ఉన్నవాళ్ల సంఖ్య. స్టోర్స్ అన్ని పెట్టెలే ఇస్తుంది, రిజిస్టర్లో సంతకం పెట్టించుకుంటుంది. ఊడ్చేవాళ్లు, గేటు కాపలావాళ్లు, తోటమాలి, మెస్సు వంటవాళ్లు ఔట్‌సోర్సింగ్. వాళ్ల పేరు ఆ రోల్ మీద ఉండదు. ఏజెన్సీని అడిగితే ‘టెండర్‌లో చీపురు, ఫినాయిల్, యూనిఫాం ఉన్నాయి, మాస్కు లేదు’ అంటుంది. క్యాంపస్‌ని అడిగితే ‘మీ ఏజెన్సీని అడగండి’. ఏడాదంతా దుమ్ములో ఉండే మనిషికి రెండు చోట్లా ఖాళీ, ఏసీ గదిలో కూర్చునే నాకు ఏభై మాస్కుల పెట్టె. అందులో ముప్పై ఏడు ఇంకా నా డ్రాయరులో ఉన్నాయి.

చెత్త పని చేసేవాళ్లకు మాస్కు ఎవరివ్వాలన్నది తేలని విషయమేం కాదు. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు మున్సిపాలిటీల వంటి స్థానిక సంస్థల మీద ఒక బాధ్యత పెట్టాయి: చెత్త పని చేసే ప్రతి కార్మికుడికీ యూనిఫాం, గ్లౌజులు, రెయిన్‌కోటు, తగిన చెప్పులు, మాస్కు ఆ పని నడిపేవాడి చేత ఇప్పించాలి, వాళ్లు వాడేలా కూడా చూడాలి. క్యాంపస్ మున్సిపాలిటీ కాదని మా ఆఫీసులో ఒకాయన లా పాయింటు లాగారు. కాదు నిజమే. ఊపిరితిత్తులకు ఆ సంగతి ఎవరు చెప్పాలి?

ఖర్చు భయం కూడా లెక్కేసి చూస్తే అంత లేదు. 2020 మార్చి 13న కేంద్రం మాస్కుల్ని నిత్యావసర సరుకుల జాబితాలో చేర్చి, ఆ నెల 21న రెండు పొరలదానికి 8 రూపాయలు, మూడు పొరలదానికి 10 రూపాయలు గరిష్ఠ ధర పెట్టింది. ఆ కరువు రోజుల ధరే తీసుకుందాం. నలభై మంది, రోజుకు రెండు, నెలకు 26 పనిరోజులు, మొత్తం 2,080 మాస్కులు, 20,800 రూపాయలు. అదీ జ్వరాలున్న నెలా రెండు నెలలే. దుమ్ము, బూజు పనివాళ్లకు ఎఫ్ఎఫ్‌పీ2 ధర ఎక్కువే కానీ, అవి నలభై మందికీ అక్కర్లేదు. తర్వాతి టెండర్‌లో ఒక లైను చేరిస్తే చాలు: ఏ పనికి, ఏ ఐఎస్ నెంబరు, మనిషికి వారానికి ఎన్ని, ఎవరు ఇస్తారు.

గుడ్డవి కావాలంటే మనకు దూరం వెళ్లే పని కూడా లేదు. 2020లో ఒడిశా అంతటా మిషన్ శక్తి మహిళా సంఘాలు మాస్కులు కుట్టి ఇచ్చాయి. అప్పట్లో పెళ్లిళ్లలో పట్టు మాస్కులు కూడా కనిపించాయి, బరంపురం పట్టు నగరం కదా మరి. సిన్సినాటి విశ్వవిద్యాలయం వాళ్లు పట్టు తడిని బాగా నెడుతుందని అప్పుడే రాశారు కూడా. పట్టుకు పేరున్న ఊరు కాబట్టి ముచ్చటగా ఉంటుంది వినడానికి, చీపురు పట్టే మనిషికి మాత్రం దానితో పని లేదు.

వాడేసినవి ఎక్కడ పడేయాలన్నదీ సర్క్యులర్‌లో లేదు. కోవిడ్ కాలంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది: కాగితం సంచిలో కనీసం 72 గంటలు ఉంచి, మళ్లీ ఎవరూ వాడకుండా కత్తిరించి, పొడి చెత్తలో వేయాలి. ఆ చెత్తబుట్ట ఎత్తేది మళ్లీ మా అప్పే.

మర్నాడు పాత రాత కొట్టేసి, సర్క్యులర్ కింద కొత్తగా రాశాను: ‘దగ్గు, జలుబు ఉన్నవాళ్లు మాస్కు వేసుకోండి. ఊడ్చే ముందు నీళ్లు చిలకరించండి. దుమ్ము పనికి మడత మాస్కు రూం నెంబర్ 4లో అడిగి తీసుకోండి, సంతకం అక్కర్లేదు.’ రూం నెంబర్ 4 నాదే. ఎఫ్ఎఫ్‌పీ2లు పది, బజార్లో కొని తెచ్చాను. బిల్లు పెట్టాను, ఏ ఖర్చు హెడ్డు కింద పాస్ చేయాలో తెలియడం లేదని అకౌంట్స్ నుంచి వెనక్కి వచ్చింది.

అప్ప వచ్చి ఒకటి తీసుకుని, పట్టీలు సాగదీసి చూసి, “రెండియ్యి బాబూ, లైబ్రరీ ఊడ్చేదానికి కూడా లేదు” అంది.